ఓడ హోటలు గోల్డు సభ్యుడు

ఆకలి దానంతట అదే వేస్తుందని, ఏదైనా తింటే తీరిపోతుందని మనుషులు ఇన్నాళ్ళూ అమాయకంగా నమ్ముతూ వచ్చారు. ఈ అపోహను మా వినోదవనం యాజమాన్యం ఈ ఏడాది అధికారికంగా తొలగించింది. ఇకమీదట వనం ప్రహరీ లోపల ఎవరికైనా ఆకలి వేయాలంటే ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. దరఖాస్తు ఆమోదం పొందేదాకా వేసేది ఆకలి కిందికి రాదు, అది కేవలం అసౌకర్యం. (అసౌకర్యానికి చింతిస్తున్నామని గేటు దగ్గరే బోర్డు పెట్టారు కాబట్టి ఆ విషయంలో యాజమాన్యాన్ని తప్పుపట్టలేం.)

ఈ సంస్కరణ ఫలాలను స్వయంగా అనుభవించే భాగ్యం మాకు మా అత్తగారి వల్ల కలిగింది.

వినోదవనం మధ్యలో ఒక కొలను, ఆ కొలనులో ఎటూ కదలని ఒక ఓడ ఉన్నాయి. సముద్రపు దొంగల ఓడన్నమాట. నల్ల తెరచాప, పుర్రె బొమ్మ, చెక్క ఫిరంగులు, అన్నీ ఉంటాయి. లోపల మాత్రం హోటలు. మా మామగారికి ఈ లోకంలో ఇష్టమైన చోటు అదొక్కటే. ఆయన ఉద్యోగం పొడుగునా లిఫ్టులు బాగుచేసిన మనిషి. పైకీ కిందికీ వేలాడటం ఆయనకు వృత్తి, దానికి ఎదురు డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కునే జనాన్ని చూస్తే ఆయనకు జాలి. అందుకని తీరిక దొరికిన ఆదివారమల్లా అత్తగారిని వెంటబెట్టుకుని ప్రవేశ టిక్కెట్టు కొని, ఒక్క ఆటకేసీ చూడకుండా తిన్నగా ఓడ ఎక్కేవారు. పై డెక్కు మీద మూల బల్ల. దాని పక్కనే పడవ ఆట. ఎత్తునుంచి పడవ దబ్బున నీళ్ళలో పడేది, అందులోని వాళ్ళు ప్రాణాలు పోయినట్టు అరిచేవాళ్ళు. ఆ అరుపులు వింటూ మామగారు టమాటా సూపులో బ్రెడ్డు ముంచుకుని ప్రశాంతంగా తినేవారు. తాను దిగి బాగుచేయాల్సిన అవసరం లేని యంత్రం కింద జనం అరుస్తుంటే వినడం ఆయనకు పెద్ద విశ్రాంతి. అత్తగారు ఆయన పళ్ళెంలోంచి వేయించిన బంగాళాదుంప ముక్కలు తీసుకునేవారు. తనకు విడిగా తెప్పించుకోమంటే ఆకలి లేదనేవారు.

మామగారు పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచీ అత్తగారు మా దగ్గరే ఉంటున్నారు. ఉంటున్నారన్న మాటేగానీ, ఉన్నట్టు తెలియనిచ్చేవారు కారు. అడిగితే జవాబు చెప్పేవారు, అడక్కపోతే అదీ లేదు. తిండి వంటింట్లో గట్టు దగ్గర నిలబడి, ఎవరో తొందరపెడుతున్నట్టు నాలుగు ముద్దలు. ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పి, కనుబొమ్మ ఎత్తితే చాలు ఆఖరి బెంచీదాకా నిశ్శబ్దం చేసిన మనిషి అలా అయిపోవడం మా ఆవిడ చూడలేకపోయేది. ఊళ్ళు తిప్పుతానంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, కుక్కపిల్లను తెస్తానని కూడా బెదిరించింది. ఏదీ ఫలించలేదు.

అలాంటిది ఒక శనివారం ఆరిన బట్టలు మడతపెడుతూ అత్తగారు తనంతట తానే, ఓడలో సూపు తాగాలనుందే అన్నారట. మా ఆవిడ పరీక్ష పాసైన పిల్లలా వచ్చి నాకు ఆ సంగతి చెప్పింది. మర్నాడే బయల్దేరాం.

ఓడ దగ్గరికి వెళ్ళేసరికి అది హోటలు కాదని తెలిసింది. మెట్ల మొదట్లో చిలక వేషం వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడు. ఛాతీ మీద 'అతిథుల ఉత్సాహ విభాగం, సహాయ అధికారి' అన్న బిళ్ళ ఉంది. మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ముక్కును చేత్తో పైకెత్తి పట్టుకుని మాట్లాడుతున్నాడు. ఆయన మాకు పరిస్థితి వివరించాడు. వనంలో అన్ని ఆటలకన్నా ఈ హోటలు దగ్గరే జనం ఎక్కువసేపు నిలబడుతున్నారని ఒక సర్వేలో తేలింది. నియమావళి ప్రకారం జనం అంతసేపు నిలబడేది ఏదైనా సరే, అది ఆట. కాబట్టి భోజనాన్ని ఈ ఏడాది మొదట్లోనే ఆటల జాబితాలో చేర్చారు. దీనివల్ల హోటలుకు కొత్త హోదా వచ్చింది. ఆటలకు ఉన్న నియమాలన్నీ దీనికీ వర్తించడం ఆ హోదాలో భాగం.

మొదటిది ఆకలి ప్రకటన. ఫోనులో వాళ్ళ యాప్ దించుకుని, మనిషికొకటి చొప్పున నింపాలి. ఆకలి ఇప్పుడు వేస్తోందా, వేయబోతోందా, వేసి చచ్చిపోయిందా అని మూడు గళ్ళున్నాయి. వేస్తోందని నొక్కితే, అలాంటప్పుడు ముందే ఎందుకు ప్రకటించలేదని సంజాయిషీ అడిగింది. వేయబోతోందని మార్చాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు స్లాటు ఇచ్చింది. అది మధ్యాహ్న భోజనమేనా అని చిలకను అడిగాను. మధ్యాహ్నం దరఖాస్తు చేసుకున్నది ఏదైనా మధ్యాహ్న భోజనమేనని ఆయన ముక్కెత్తి తేల్చేశాడు. స్లాటు వచ్చేసరికి ఆకలి లేకపోతే ప్రకటన తప్పని తేలి, వచ్చే సీజను దాకా తినే అర్హత పోతుందని కూడా స్నేహపూర్వకంగా హెచ్చరించాడు.

రెండోది భద్రత. గుండెజబ్బు ఉన్నవాళ్ళు ధరల పట్టిక చూడకూడదు. సూపు వచ్చేటప్పుడు చేతులు బల్ల బయటికి చాచకూడదు. మూడోది ఎత్తు. మెట్ల పక్కన చెక్కతో చేసిన దొంగ ఒకడు కత్తి అడ్డంగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ కత్తికంటే పొట్టిగా ఉన్నవాళ్ళు పెద్దల తోడు లేకుండా భోజనం చేయరాదు. అత్తగారు ఎప్పుడూ పొడగరి కారు, వయసు మీదపడ్డాక ఇంకా కాస్త కుదించుకుపోయారు. కత్తి ఆమె తలకు చాలా పైన ఉండిపోయింది. చిలక అధికారి విచారం వ్యక్తం చేస్తూ ఆమె చేతికి చేప బొమ్మ ఉన్న కాగితపు పట్టీ కట్టి, రికార్డుల్లో బాలికగా నమోదు చేశాడు. నన్ను ఆమెకు సంరక్షకుణ్ణి చేశాడు. (అల్లుడికి అత్తగారి మీద ఏదో ఒక అధికారం దక్కడం బహుశా మా వంశంలో ఇదే మొదలు.) అత్తగారు చేతి పట్టీని అటూ ఇటూ తిప్పి చూసుకుని, మెట్టు మీద కూర్చున్నారు.

అలా కూర్చున్నాం. ఎండ నెత్తికెక్కింది. క్యూ కంచెల మధ్య పాములా చుట్టలు తిరిగి, తన తోకను తానే చేరుకుంది. ఆ చివర చేరినవాళ్ళలో కొందరు ఇది పడవ ఆట క్యూ అనుకుని నిలబడ్డారని తర్వాత తెలిసింది. ఒంటరి భోక్తల వరస వేరే ఉందని, దాంట్లో అయితే త్వరగా అవుతుందని చిలక సలహా ఇచ్చాడు. ఖాళీ దొరికినచోటల్లా ఒక్కొక్కరిని కూర్చోబెడతారట. మా ఆవిడ కింది డెక్కులో, నేను ఫిరంగి పక్కన, అత్తగారు పిల్లల మూలలో. ముగ్గురం కలిసి తినడానికే వచ్చామని మా ఆవిడ చెప్పింది. కలిసి తినడం నియమావళిలో అదనపు సదుపాయం కిందికి వస్తుందని చిలక నొచ్చుకుంటూ చెప్పాడు.

నేను తలెత్తి చూశాను. పై డెక్కు మీద బల్లల దగ్గర సగానికి పైగా కుర్చీలు ఖాళీగా కనిపిస్తున్నాయి. ఆ మాటే అడిగాను. అవి ఖాళీ కావని, గోల్డు సభ్యులవని, సభ్యులకు క్యూ ఉండదని, ఆ బల్లలన్నీ నిండిపోయినట్టే లెక్క అని ఆయన చెప్పాడు.

అత్తగారి చేతులు సన్నగా వణకడం ఆ సమయంలోనే మా ఆవిడ గమనించింది. పొద్దున బయల్దేరే హడావిడిలో ఆమె సరిగా తినలేదు, వేసుకున్న షుగరు మాత్ర మాత్రం దాని పని అది చేస్తోంది. సంచిలో ఉన్న బిస్కట్లు ఇచ్చాం. (బయటి తిండి ఆటకు ముందు నిషిద్ధం. చిలక అటు తిరిగి నిలబడ్డాడు, ఆ వేషం లోపల కూడా ఒక మనిషి ఉన్నాడని అప్పుడు నాకు తట్టింది.) అత్తగారు ఒక బిస్కట్టు కొరికి మిగతాది నాప్‌కిన్‌లో చుట్టేశారు.

"ఇంటికెళ్దాం పదవే. ఏదో తోచక అన్నాను, అంతే."

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. ఏడాది తర్వాత అత్తగారు నోరు తెరిచి అడిగింది ఒక గిన్నెడు సూపు. ఇప్పుడు వెనక్కి వెళ్ళిపోతే ఇక ఏదీ అడగరు. వంటింటి గట్టు దగ్గర నిలబడి నాలుగు ముద్దలు, అంతే. నేను చిలకను పక్కకు పిలిచి బతిమాలాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. బాధపడటం తన పరిధిలోనే ఉందని, అంతకు మించింది కెప్టెన్ గారి పరిధి అని చెప్పాడు.

సరిగ్గా అప్పుడు అత్తగారి చేతిసంచీ బుర్రుమంది.

ఆ సంచీలో ఉన్నది మామగారి ఫోను. ఆయన పోయాక అత్తగారు దాన్ని రోజూ చార్జింగు పెడుతున్నారు. ఎందుకని మేం ఎప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఎవరైనా ఆయనకు ఫోను చేస్తే ఎత్తకపోతే బాగుండదని కాబోలు. ఆవిడ దాన్ని తీసి, కళ్ళజోడు సవరించుకుని చదివి, నాకు అందించారు. ఓడ బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో ఉంది: స్వాగతం, కెప్టెన్ గారి ఆప్తమిత్రమా! మీరు వనంలో ఉన్నట్టు గుర్తించాం. పై డెక్కు మీద మీ మూల బల్ల సిద్ధంగా ఉంది.

మామగారు ఎప్పుడో గోల్డు సభ్యత్వం తీసుకున్నారు. అది ఏడాదికోసారి బ్యాంకులోంచి దానంతట అదే డబ్బు తీసుకుని దానంతట అదే కొనసాగుతోంది. అంటే మా నలుగురిలో ఆ పూట భోజనం ఖాయమైంది ఆయనొక్కరికే.

చిలక ఫోను చూసి ఒక్కసారిగా నిటారుగా నిలబడి, రెక్కతో దారి చూపించి, మమ్మల్ని పై డెక్కు మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక చెక్క పీపా వెనకాల కెప్టెన్ ఉన్నాడు. భోజన విభాగం మేనేజరు అన్నమాట. ఒక కంటికి నల్ల గుడ్డ కట్టుకుని ఉన్నాడు, కంప్యూటరు చూడాల్సి వచ్చినప్పుడు దాన్ని నుదుటి మీదికి తోసుకుంటున్నాడు. సభ్యుల వారి అతిథులమని తెలిసి చాలా మర్యాద చేశాడు. ఒకటే చిక్కు వచ్చింది. అత్తగారు ఇందాక బాలికగా నమోదయ్యారు. ఆమే సభ్యుల వారి భార్య అని ఎక్కించగానే కంప్యూటరు ఎర్రబడి, ఈ వివాహం చట్టసమ్మతం కాదంది. కెప్టెన్ కాసేపు తల పట్టుకుని, చివరికి ఒక ముక్కాలిపీట తెప్పించి, అత్తగారిని దాని మీద నిలబెట్టి కొలిపించాడు. ఆమె మేజరయ్యారు. ఆయన అభినందించాడు.

తర్వాత, సభ్యుల వారెక్కడ అని అడిగాడు.

నేను నిజం చెప్పాను. ఆయన పోయారని, ఏడాది దాటిందని, ఆమె ఆయన భార్య అని, ఒక్క గిన్నె సూపు తాగి వెళ్ళిపోతామని చెప్పాను. కెప్టెన్ కంటి గుడ్డ తీసేసి చేత్తో పట్టుకున్నాడు. నిలబడి విచారం తెలిపాడు. ఆ తర్వాత కూర్చుని నియమం చెప్పాడు. సభ్యత్వం రద్దు కావాలంటే సభ్యుడు స్వయంగా వచ్చి ముఖం చూపించి అడగాలి. ఆయన రాలేదు, అడగలేదు. కాబట్టి వనం దృష్టిలో ఆయన ఇంకా రావలసి ఉంది. ఆయన వచ్చేదాకా బల్ల ఆయనకే అట్టే పెడతారు. మేం ఆయన అతిథులుగా నిరభ్యంతరంగా కూర్చోవచ్చు. అయితే సభ్యుడు రాకుండా అతిథులకు వడ్డించరు.

"మరి ఆయన రారు కదండీ," అన్నాను.

"రారని మాకు ఆయన తెలియజేయలేదు కదండీ," అన్నాడు కెప్టెన్. వెటకారం లేదు. ఆయన గొంతులో నిజమైన ఇబ్బంది ఉంది.

మా ఆవిడకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి బాధతో వచ్చాయో కోపంతో వచ్చాయో నాకూ తెలియలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని ఇక పదమ్మా అంది. అత్తగారు కదల్లేదు. ఆమె ఆ మూల బల్లనే చూస్తున్నారు. కింద పడవ దబ్బున నీళ్ళలో పడింది, జనం అరిచారు. అప్పుడు ఆవిడ కెప్టెన్ వైపు తిరిగి కనుబొమ్మ కొద్దిగా పైకెత్తారు. ఏడాది తర్వాత మేం ఆ కనుబొమ్మను చూడటం అదే.

"ఆయన వచ్చారు బాబూ. చేతులు కడుక్కోడానికి వెళ్ళారు."

బాత్రూముకని చెప్పి మైదానంలోకి ఉడాయించే పిల్లల్ని ఉద్యోగం పొడుగునా కిటికీలోంచి కనిపెట్టిన మనిషి ఆవిడ. ఆ అబద్ధం ఎలా చెబితే పట్టుబడతారో, ఎలా చెబితే పట్టుబడరో ఆవిడకు బాగా తెలుసు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

కెప్టెన్ ముఖం వికసించింది. ఆ విషయం ముందే చెప్పాల్సిందన్నాడు. చేతులు కడుక్కోడానికి వెళ్ళిన సభ్యుడి తరఫున కుటుంబ సభ్యులు తెప్పించుకోవచ్చని నియమావళిలో స్పష్టంగా ఉందట. పైగా సభ్యుడు తిరిగి వచ్చేదాకా బల్ల దగ్గర కూర్చునే గడువు కూడా లెక్కలోకి రాదట. కంటికి గుడ్డ కట్టుకుని, తానే స్వయంగా మమ్మల్ని బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, నాలుగో కుర్చీ కూడా వెనక్కి జరిపి ఉంచాడు.

అత్తగారు తనకు సూపు చెప్పి, ఆయనకు ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. సూపు, బ్రెడ్డు, వేయించిన బంగాళాదుంప ముక్కలు. తనకు ముక్కలు వద్దన్నారు, ఆకలి లేదన్నారు. అన్నీ వచ్చాయి. ఆయన పళ్ళెం ఖాళీ కుర్చీ ముందు పెట్టించారు. సూపు మీద ఊదుకుంటూ ఒక గుక్క తాగి, చెయ్యి చాచి ఆయన పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకున్నారు. కొంచెం ఆగి ఇంకోటి. మా ఆవిడ తల పక్కకు తిప్పుకుని పడవలకేసి చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టింది. అత్తగారు కూర్చుని, నిదానంగా, గిన్నె అడుగు కనిపించేదాకా తాగారు. సూపు ఎలా ఉందని నేను అడిగాను. ఉప్పు తగ్గిందని, కానీ ఆయనకిలాగే ఇష్టమని చెప్పారు. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే, మామగారు ఒకసారి ఆ పడవ ఆట గిలక చప్పుడు విని అది త్వరలో అరుగుతుందని చెప్పారని, మరుసటి వారమే దాన్ని ఆపేసి బాగుచేశారని చెప్పుకొచ్చారు. ఆయన ఆ వారమంతా కాలరెగరేసుకుని తిరిగారట.

వడ్డించే కుర్రాడు మధ్యమధ్యలో వచ్చి సభ్యుల వారు వచ్చేశారా అని అడిగి వెళ్తున్నాడు. అక్కడ క్యూ ఉందేమోనని మా ఆవిడ అంది. ఉంటుంది మేడమ్ అని అతను సానుభూతితో తలూపాడు.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. ఆయన ముందు ఒక ఐస్‌క్రీము కప్పు, ఎదురుగా ఖాళీ కుర్చీ ముందు ఇంకొకటి. ఆ రెండోది ఎవరూ ముట్టుకోక కరిగిపోతోంది. ఆయన చాలాసేపట్నుంచీ మా బల్లకేసి, నాలుగో కుర్చీకేసి చూస్తున్నాడు. చివరికి కొంచెం ముందుకు వంగి అత్తగారిని పలకరించాడు.

"మీవారు కనిపించరేం అమ్మా?"

"చేతులు కడుక్కోడానికి వెళ్ళారండీ."

ఆయన అర్థమైనట్టు తలాడించాడు.

"మా ఆవిడా అక్కడికే వెళ్ళింది. మొన్న వానాకాలానికి రెండేళ్ళు నిండాయి."

అత్తగారు ఆయన్ని కాసేపు చూశారు. తర్వాత ఆ ఎదుటి కప్పు చూపించి, కరిగిపోతోంది, మీరు తినేయండి, ఆవిడేమీ అనుకోదు అన్నారు. ఆయన ఆ కప్పును తన వైపు లాక్కున్నాడు.

అప్పుడు నేను డెక్కు మొత్తం కలయజూశాను. ఓ బల్ల దగ్గర ఒక నడివయసు స్త్రీ, ఆమె ఎదుట ఎవరూ తాగని కాఫీ. తెరచాప నీడలో ఒక ముసలమ్మ, పక్క కుర్చీలో పెట్టిన నల్ల గొడుగు. కుర్రాడు ఒక్కో బల్ల దగ్గరా ఆగి, గొంతు తగ్గించి, వచ్చేశారా అండీ అని అడుగుతున్నాడు. ఇంకా లేదు బాబూ అని వాళ్ళు చెబుతున్నారు. కింద క్యూలో జనం మాకేసి అసూయగా చూస్తున్నారు.

ఇప్పుడు తీరిక దొరికిన ఆదివారమల్లా అత్తగారు ఓడకు వెళ్తున్నారు. ఇంట్లో కూడా బల్ల దగ్గర కూర్చుని తింటున్నారు, వంటలో ఉప్పు తగ్గితే చెబుతున్నారు. యాజమాన్యం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. పై డెక్కు గోల్డు సభ్యులు చేతులు కడుక్కుని తిరిగి రావడానికి అసాధారణమైన జాప్యం జరుగుతోందని ఇటీవలి సమీక్షా సమావేశంలో గుర్తించి, సమస్యను అన్ని కోణాల నుంచీ అధ్యయనం చేసి, వారి సౌకర్యార్థం ఇంకో రెండు కుళాయిలు బిగించింది.